పట్టి ఉంచని పట్టీ

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున పరుగెత్తేవాళ్ళని చాన్నాళ్ళుగా చూస్తున్నాను. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. ఈమధ్య నా చూపు మొహాల మీద కాకుండా కాళ్ళ మీద ఆగుతోంది. ఒకరి మోకాలిచిప్ప చుట్టూ గులాబీరంగు పట్టీ, ఇంకొకరి పిక్క మీద నిలువునా నల్లది, ఒక కుర్రాడికైతే మడమ దగ్గర మొదలై నిక్కరు అంచుదాకా ఎగబాకిన ఆకుపచ్చ గీత. దాని పూర్తి పేరు కినిసియాలజీ టేపు. మా గుంపులో అందరూ టేపు అనేస్తారు. నా బుర్రలో చేరింది ఆ రంగులు కాదు. పరుగు మొదలుపెట్టే ముందు, టేపు వేసుకున్న ప్రతివాళ్ళూ ఒకసారి కిందికి వంగి దాన్ని అరచేత్తో నిమురుతారు. ఊడలేదని తెలుసు, ఊడినా కొంప మునగదని తెలుసు, అయినా నిమురుతారు. నేనూ నిమురుతాను, నా కుడి చీలమండ బయటివైపు ఎముక వెనకగా అంటించుకున్న నీలం పట్టీని. ఇంకో విచిత్రం ఏమిటంటే, అది అంటించుకున్న క్షణం నుంచే నొప్పి కాస్త వెనక్కి తగ్గుతుంది. ఇంకా ఒక్క అడుగు కూడా వేసి ఉండను. టేపు తన పనేదో మొదలుపెట్టడానికి వ్యవధి కూడా ఉండదు. మరి తగ్గించిందెవరు? తగ్గింది కాలిలోనా, నాలోనా? అసలు కాలూ నేనూ వేర్వేరని ఎవరు చెప్పారు? ఇంత చిన్న గుడ్డపీలిక గురించి ఇన్ని ప్రశ్నలు అవసరమా అని మా ఇంట్లో అంటారు. అవసరం లేదు. అవసరం లేనివే కదా రోజంతా వెంటపడేవి.

పెద్ద నొప్పేం కాదిది. మంచం ఎక్కించే రకం కాదు, ఎవరితోనైనా చెప్పుకుంటే అయ్యో అనిపించుకునే రకమూ కాదు. పొద్దున్న లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు చీలమండ బయటి గుబ్బ వెనక, కాస్త కిందుగా, ఒక సలుపు. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. పరుగులో కాసేపయ్యాక మళ్ళీ తలెత్తుతుంది. గతుకులో అడుగు పడితే నేనున్నానంటుంది. అక్కడ రెండు టెండన్లు ఉంటాయి, ఫిజియోలు పెరోనియల్ టెండన్లు అంటారు. మోకాలి కింద బయటివైపున్న కండరాల నుంచి బయల్దేరి, చీలమండ గుబ్బ వెనకున్న గాడిలోంచి జారి, ముందుకి మలుపు తిరుగుతాయి. వాటిలో పొట్టిది పాదం బయటి అంచున, చిటికెనవేలి ఎముక మొదట్లో చేతికి తగిలే బొడిపె దగ్గర ఆగిపోతుంది. పొడుగుది అక్కడితో ఆగదు. పాదం కిందకి దూరి, అరికాలిని అడ్డంగా దాటుకుని, ఎక్కడో అవతల బొటనవేలి ఎముక మొదలుని పట్టుకుంటుంది. మోకాలి పక్కన మొదలైన పిలుపుకి బొటనవేలి మొదట్లో జవాబన్నమాట. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాతగారింటి నూతి గిలక గుర్తొచ్చింది. చేదతాడు నలిగేది బొక్కెన దగ్గరా కాదు, చేతి దగ్గరా కాదు, గిలక మీద ఒరుసుకునే చోట. ఈ టెండన్ల బాధా అంతే, మలుపు దగ్గరే. పాదం లోపలికి మడతపడబోయిన ప్రతిసారీ దాన్ని బయటికి లాగి నిలబెట్టేది ఇవే. ఇంతకాలం నేను పడిపోకుండా కాచిన రెండు తాళ్ళు నాలో ఉన్నాయని, అవి నొప్పెడితే గాని తెలియలేదు.

మరి ఎడంకాలికి లేని బాధ కుడికాలికే ఎందుకు? దీనికి జవాబు నా ఫిజియో కాలు ముట్టుకోకుండానే చెప్పాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుర్రాడు. “రోడ్డుకి ఏ పక్కన పరుగెడతారు మేడం?” అన్నాడు. కుడిపక్కన. బళ్ళు ఎదురుగా కనబడేలా పరుగెత్తమనే కదా అందరూ చెప్పేది. “బీచ్‌లోనో?” భీమిలి దిక్కుగా, తడి ఇసుక మీద. “అంటే సముద్రం మీ కుడిచేతి వైపు.” అవును. బల్ల మీదున్న పుస్తకాన్ని ఒక పక్కకి వాల్చి, తన రెండరచేతుల్నీ దాని మీద పాదాలుగా ఆనించి చూపించాడు. వాననీళ్ళు నిలవకూడదని రోడ్డుని మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. కుడి అంచున పరుగెత్తేవాళ్ళకి కుడిపాదం ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. బయటి అంచు దిగి, అరికాలు లోపలికి తిరుగుతుంది. ఇసుక వాలు ఎలాగూ సముద్రం వైపే, అక్కడా పల్లం కుడికాలిదే. నిలబడితే తెలియని వాలు అది. చూస్తే కంటికి ఆనదు. నీరు పోవడానికి ఇంజనీర్లు వేసిన వాలుకి నా చీలమండ ఖరీదు చెల్లిస్తోందని తెలిశాక నాకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. నొప్పికి ఒక భూగోళశాస్త్రం ఉందని, తూర్పుతీరంలో ఉత్తరంగా పరుగెత్తితే ఒకలాగా, దక్షిణంగా పరుగెత్తితే ఇంకోలాగా నొప్పెడుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మి ఉండేదాన్ని కాదు.

ఆ రోజే అతను టేపు వేశాడు. ఆ వేసే పద్ధతిలో ఏదో క్రతువు ఉంది. ముందు కాలు తుడిచి ఆరబెట్టాలి; కొబ్బరినూనె, లోషన్ లాంటివేవీ ఉండకూడదు. పట్టీ కత్తిరించి నాలుగు మూలలూ గుండ్రంగా చేయాలి, లేకపోతే మేజోడుకి తగిలి మూల ముందు లేస్తుంది. పాదాన్ని పైకి వంచి కొంచెం లోపలికి తిప్పి పట్టుకోవాలి, టెండన్ సాగి ఉండేలా. పట్టీ ఒక కొసని పాదం బయటి అంచు దగ్గర లాగకుండా అంటించి, గుబ్బ వెనకనుంచి పిక్క బయటి పక్కగా పైకి తీసుకెళ్ళాలి, మధ్యభాగంలో మాత్రం కొద్దిగా సాగదీస్తూ. చివరి కొస మళ్ళీ లాగకుండా వదలాలి. కొసలు లాగితే చర్మం ఒరుసుకుపోయి పొక్కుతుంది. నొప్పి ఉన్నచోట అడ్డంగా ఇంకో చిన్న ముక్క. ఆఖర్న అరచేత్తో గట్టిగా రుద్దాలి, ఎందుకంటే ఆ జిగురు వేడికి పట్టుకుంటుంది. పరుగుకి ముందు అరగంటైనా దాన్ని అలా వదిలెయ్యాలి. స్నానం చేసినా ఊడదు, అద్దుకుని ఆరబెట్టుకుంటే సరి. మూడు నుంచి అయిదు రోజులు ఉంచుకోవచ్చంటారు గాని, మన సముద్రపు ఉక్కలో అంతకాలం ఉంటే దాని గొప్పే. దురద పుట్టినా, చర్మం ఎర్రబడినా వెంటనే తీసెయ్యాలి, అదీ నూనె రాసి, వెంట్రుకలు వాలిన దిక్కుగా మెల్లగా. చిట్లిన చర్మం మీద వెయ్యకూడదు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళు అసలు దాని జోలికే పోకూడదు. ఇదంతా అతను చెబుతుంటే నా దృష్టి మాత్రం ఒక్క విషయం మీదే ఉంది: ఇంతసేపు, ఇంత శ్రద్ధగా, నా చీలమండని ఇంకో మనిషి పట్టించుకుని ఎన్నేళ్ళయింది? ఇంటికొస్తే అమ్మ చూసి, “ఏటే ఇది? ఎండి పట్టీలు బరువన్నావు, ఈ నీలం పీలిక బరువు లేదేటి?” అంది. విజయనగరం మాట, నవ్వకుండా అంటుంది. జవాబు చెప్పలేకపోయాను. నిజమే, ఒకప్పుడు సరిగ్గా అక్కడే నా వెండి పట్టీలుండేవి.

ఈ టేపుని 1970లలో జపాన్‌లో కెంజో కాసే అనే కైరోప్రాక్టర్ తయారుచేశాడు. అమెరికాలో చదువుకుని వెళ్ళి తన దేశంలో వైద్యం చేసుకుంటున్నవాడు. ఆయన్ని వేధించిన సమస్య చాలా చిన్నది. తన చేత్తో మర్దనా చేసి, కీళ్ళు సవరించి పంపితే రోగికి హాయిగానే ఉండేది; ఇంటికి వెళ్ళాక ఆ హాయి కరిగిపోయేది. చెయ్యి తీసేసిన తర్వాత కూడా చెయ్యి ఉన్నట్టు ఉండాలంటే ఏం చేయాలి? అప్పటికి ఆటగాళ్ళు వాడే తెల్లటి గట్టి టేపు కీలుని కదలనివ్వదు, అది ఆయనకి పనికిరాలేదు. అందుకని చర్మం మందమే ఉండి, చర్మం సాగినట్టే సాగే నూలుగుడ్డ, వెనక అలలు అలలుగా పూసిన జిగురు. అదీ ఆయన ఆలోచన. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జపాన్ ఆటగాళ్ళ ఒంటి మీద అది ప్రపంచానికి కనబడింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి ఆయన కంపెనీ 58 దేశాల జట్లకి 50,000 చుట్టలు ఉచితంగా పంచింది. బీచ్ వాలీబాల్‌లో బంగారు పతకం గెలిచిన కెర్రీ వాల్ష్ భుజం మీద నల్లగా పరుచుకున్న ఆ టేపుని చూసి, అదేం పచ్చబొట్టని అడిగినవాళ్ళూ ఉన్నారట. 2012 యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్లో జర్మనీ మీద రెండో గోలు కొట్టి చొక్కా విప్పేసిన ఇటలీ ఆటగాడు బలోటెల్లి వీపు మీద మూడు నీలం చారలు. ఆ ఫొటో చూడనివాళ్ళు తక్కువ. అంతే, ఆ తర్వాత మన మందుల షాపుల్లోకీ వచ్చేసింది. కాని నాకు ఆ ఒలింపిక్స్ కథల కన్నా మొదటిదే నచ్చింది. చెయ్యి తీసేశాక మిగిలే చెయ్యి. ఒక వైద్యుడు తన స్పర్శకి నకలు తయారుచెయ్యాలనుకోవడం. అంత సున్నితమైన కోరిక ఒక కంపెనీ అట్టపెట్టె మీదికి చేరేసరికి కండరబలం, రక్తప్రసరణ, వేగవంతమైన ఉపశమనం అయి కూర్చుంది.

అట్టపెట్టె మీద రాసినవన్నీ నిజమా? చదవడం మొదలుపెట్టకుండా ఉండవలసింది, కాని నాకా బుద్ధి లేదు. పట్టీ చర్మాన్ని మెల్లగా పైకి లేపుతుందని, చర్మం మీద చిన్న చిన్న ముడతలు పడతాయని, ఆ ముడతల కింద చోటు ఏర్పడి రక్తమూ లింఫూ చక్కగా పారి నొప్పి తగ్గుతుందని టేపు సిద్ధాంతం. 2014లో బ్రెజిల్ పరిశోధకులు దీన్ని సూటిగా పరీక్షించారు. దీర్ఘకాలంగా నడుంనొప్పి ఉన్న 148 మందిని తీసుకుని, సగం మందికి ముడతలు పడేలా సాగదీసి టేపు వేశారు, మిగతా సగానికి సాగదీయకుండా, ముడత పడకుండా ఊరికే అంటించారు. రెండు గుంపులకీ ఒకేలా ఉపశమనం. ముడతల ప్రత్యేకత ఏమీ లేదు. 2015లో వెలువడిన హాంకాంగ్ ప్రయోగం ఇంకా చమత్కారంగా ఉంటుంది. 30 మంది ఆరోగ్యవంతుల తొడ కండరాల మీద టేపు వేశారు గాని, అది టేపని చెప్పలేదు. కండరాలని కొలిచే సెన్సర్లు అంటిస్తున్నామన్నారు. టేపు సంగతే తెలియని ఆ తొడల్లో టేపు వల్ల బలం ఏమీ పెరగలేదు. పరిశోధనలన్నీ కలిపి తూచినవాళ్ళు చెప్పేదీ దాదాపు ఇంతే: నొప్పికి కొద్దిపాటి, కొద్దికాలపు ఊరట ఉండొచ్చు, ఉత్తుత్తి టేపు కన్నా మెరుగని గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు. పెరోనియల్ టెండన్ నొప్పితో పరుగెత్తేవాళ్ళ గురించైతే ఆ మాత్రం కొలతలు కూడా పెద్దగా లేవు. ఇవన్నీ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్న ఏం చేశానంటారా? టేపు వేసుకున్నాను. నొప్పి ఎప్పటిలాగే వెనక్కి తగ్గింది. తెలియడం వల్ల తగ్గడం తగ్గలేదు!

ఇది మూర్ఖత్వమా అని కొంతకాలం నన్ను నేను అనుమానించుకున్నాను. చదువుకున్నదాన్ని, ఆధారాలు చూసినదాన్ని, అయినా నా చీలమండ నా మాట వినదేం? తర్వాత తెలిసింది, నా చీలమండ ఒంటరిది కాదని. హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో పేగుల జబ్బుతో బాధపడే 80 మందిలో దాదాపు సగం మందికి మాత్రలిచ్చి, వీటిలో మందు లేదు, ఉత్త మాత్రలే అని ముందే చెప్పేశారు. అయినా తగినంత ఊరట కలిగిందన్నవాళ్ళు వాళ్ళలో 59 శాతం, ఏ మాత్రా ఇవ్వనివాళ్ళలో 35 శాతం. అంటే మోసపోనక్కర్లేకుండానే మేలు పొందవచ్చన్నమాట. అదీగాక టేపుని ఉత్త మాత్రతో పోల్చడమూ పూర్తిగా సరికాదు. మాత్ర మింగేస్తే పోతుంది, టేపు చర్మాన్ని తాకుతూనే ఉంటుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ప్రతిపాదించిన సిద్ధాంతం ఒకటుంది. దెబ్బ కబురు మెదడుకి నేరుగా వెళ్ళిపోదు, వెన్నుపాములో ఒక గేటు దాటాలి. చర్మం మీద స్పర్శని మోసే మందమైన నరాలు చురుగ్గా ఉంటే ఆ గేటు కాస్త మూసుకుంటుంది. ఆ గేటు లెక్కలో తరవాత చాలా సవరణలు జరిగినా, తాకితే నొప్పి తగ్గుతుందన్న మూలవిషయం మాత్రం నిలిచింది. తలుపు గడపకి కాలివేలు తగిలినప్పుడు మనం ఏ సిద్ధాంతమూ తెలియకుండానే ఆ వేలు పట్టుకుని రుద్దుతాం కదా. పిల్లాడు పడితే అమ్మ ముందు చేసేది మందు రాయడం కాదు, నిమరడం. కెంజో కాసే బహుశా తాను అనుకున్నదే తయారుచేశాడేమో. ముడతలూ లింఫూ కాదు, మిగిలిపోయే చెయ్యి. బీచ్ రోడ్డులో జనం వంగి టేపుని నిమురుతున్నప్పుడు ఆ చేతి మీద చెయ్యి వేస్తున్నారేమో. ఇది నా ఊహ. దీనికి ప్రయోగం లేదు.

మనవాళ్ళకి ఒంటికి ఏదో ఒకటి కట్టుకోవడం కొత్త కాదు. చిన్నప్పుడు కాలు బెణికితే చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి ఉడికించి, కాలగలిగినంత వేడిగా పట్టు వేసేవాళ్ళు. వావిలాకు నీళ్ళ కాపడం ఒకటి. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళెవరో వెతికి వాళ్ళ చేత తన్నించుకోవడం ఇంకొకటి. మా వీధిలో అలాంటి ఒక అత్తయ్యగారికి పిల్లల్లో ఎవరికీ లేని గౌరవం ఉండేది. వీటన్నిటికన్నా పైన పుత్తూరు కట్టు. ఎముక విరిగితే తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం పుత్తూరు దగ్గరి రాచపాళెం వెళ్ళేవాళ్ళు, ఇప్పటికీ వెళుతున్నారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ కట్టు చేసే పని కంటికి కనబడుతుంది: విరిగినదాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, ఎముక తన పని తాను చేసుకుంటుంది. ఆస్పత్రి పిండికట్టూ అంతే. కట్టు అంటే పట్టి ఉంచేదనే మన మనసులో పాతుకుపోయిన నమ్మకం. ఈ నీలం టేపు దేన్నీ పట్టి ఉంచదు. నా చీలమండ ఎటు తిరగాలంటే అటు తిరుగుతుంది, పాదం లోపలికి పడబోతే ఈ సాగే గుడ్డ దాన్ని ఆపలేదు. అందుకే తీవ్రంగా మడతపడిన కాలికి ఇది సరిపోదు. గుబ్బ వెనక టెండన్ టక్కుమని గాడి తప్పి బయటికి వస్తున్నట్టుంటే, వాపు దిగకపోతే, కాలు మోపలేకపోతే, చిటికెనవేలి ఎముక మొదట్లో నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే టేపులు పక్కన పడేసి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. పట్టి ఉంచని పట్టీకి నా కాలి మీద మరి ఏం పని? కదలొద్దని చెప్పదు, కదులు అని చెబుతుంది. నొప్పిలో మనిషి చేసే మొదటి పని బిగుసుకోవడం. అడుగు కురచ చేస్తాం, బరువంతా రెండో కాలి మీదికి తోసేస్తాం, కుంటుతున్నట్టు మనకే తెలియకుండా కుంటుతాం. టేపు ఉన్నప్పుడు నా అడుగు మామూలుగా పడుతుంది. అదే దాని వైద్యమేమో.

వ్యాయామాలే లేకపోతే ఈ కథ ఇక్కడితో హాయిగా ముగిసేది. టేపు వేసిన రోజునే ఆ ఫిజియో కుర్రాడు రబ్బరు పట్టీ ఒకటి చేతిలో పెట్టాడు. “టేపు పని టేపు చేస్తుంది మేడం, మీ పని మీరు చెయ్యాలి,” అన్నాడు. నా పని ఏమిటంటే: కుర్చీలో కూర్చుని, ఆ రబ్బరుని పాదానికి తగిలించి, పాదాన్ని మెల్లగా బయటికి తిప్పడం, అంతకన్నా మెల్లగా వెనక్కి రానివ్వడం. మెట్టు అంచున మునివేళ్ళ మీద లేచి దిగడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒక్కదాంతో. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. పరుగు కొంత తగ్గించడం, రోడ్డు పక్కలు మార్చడం, వాలు లేని చోటు వెతుక్కోవడం. ఇంతకన్నా చప్పనైన పనులు ఉండవు. వీటికి రంగు లేదు. పాలు పొంగేలోపు వంటింట్లో గట్టు పట్టుకుని మడమలెత్తుతున్న నన్ను చూసి ఎవరూ ఏమైందని అడగరు. అదే టేపుతో బీచ్ రోడ్డు మీదికి వెళితే తెలియనివాళ్ళు కూడా పలకరిస్తారు, “మీకూ పెరోనియలేనా?” అని చుట్టరికం కలుపుతారు. టేపు లోకానికి ఒక మాట చెబుతుంది: దెబ్బ తగిలింది, అయినా వచ్చాను. అందులో ఎంత వైద్యముందో అంత అలంకారమూ ఉంది. అమ్మ ఎండి పట్టీలని గుర్తుచేసింది ఊరికే కాదు. బాధ కూడా నలుగురి కంటా పడితే కాస్త తేలికవుతుంది, ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఉంది, ఒక్కటే ఉంది. కంటికి కనబడేదాన్ని రోజూ శ్రద్ధగా చేసుకుని, కనబడనిదాన్ని రేపటికి వాయిదా వేస్తూ ఉంటే, ఊరట దొరుకుతూనే ఉంటుంది, టెండన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

టెండన్ తొందరపడదు. ఎంత తొందరపడదో చెప్పే ఒక పరిశోధన చదివి నేను కాసేపు కదల్లేదు. 1950లు, 60లలో దేశాలు పోటీపడి అణుబాంబులు పేల్చి పరీక్షించినప్పుడు గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. 1963లో వాతావరణంలో పరీక్షల్ని నిషేధిస్తూ ఒప్పందం కుదిరాక మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పెరిగిన మొక్కల్లోకి, తిన్న మనుషుల్లోకి ఆ గుర్తు చేరింది. ఏ కణజాలం ఏ సంవత్సరంలో తయారైందో దాన్నిబట్టి చెప్పవచ్చు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు మడమ వెనకుండే పెద్ద టెండన్ని ఈ పద్ధతిలో పరీక్షించి 2013లో ప్రకటించారు: దాని లోపలి భాగం మనిషికి సుమారు 17 ఏళ్ళు వచ్చేదాకా తయారవుతుంది, ఆ తర్వాత దాదాపు మారదు. కండరం తనని తాను తిరగరాసుకుంటూ ఉంటుంది. టెండన్ గర్భంలో ఉన్నది మాత్రం పదిహేడేళ్ళప్పటి పదార్థమే. వాళ్ళు చూసింది మడమ వెనకదాన్ని. నా చీలమండ పక్క తాళ్ళూ అదే వయసువని ఊహించుకునే స్వేచ్ఛ తీసుకుంటున్నాను. అంటే ఇప్పుడు బీచ్ రోడ్డులో ఖరీదైన బూట్లలో నలుగుతున్నవి, తాతగారింటి పెరట్లో చెప్పుల్లేకుండా పరుగెత్తి, నూతి చప్టా మీద జారి, బడికి వాగు దాటి వెళ్ళిన పిల్ల అల్లుకున్న తాళ్ళు. వాటికి మూడు రోజుల టేపు భాష తెలియదు. వాటికి తెలిసిన భాష ఒక్కటే, మోసిన బరువు. కొంచెం బరువు, కొంచెం విశ్రాంతి, ఇంకొంచెం బరువు. అలా నెలల తరబడి అడిగితే గాని అవి బిగువెక్కవు. బొత్తిగా విశ్రాంతిస్తే నీరసపడతాయి, ఒక్కసారే మీద పడేస్తే రేగుతాయి. ఇంత నెమ్మదస్తుల దగ్గర ఒక్క క్షణంలో వచ్చే ఊరటని నేనెందుకు సాక్ష్యంగా ప్రవేశపెడుతున్నాను?

ఇక్కడికొచ్చాక నాకు కాస్త తెరిపిచ్చింది. టేపు పని చేస్తుందా, చెయ్యదా అన్న ప్రశ్న దగ్గరే ఇన్నాళ్ళూ తిరుగుతున్నాను, నమ్మేవాళ్ళతో ఒకపూట, నవ్వేవాళ్ళతో ఒకపూట. నమ్మేవాళ్ళు ఊరట చూపించి నయమైందంటారు. నవ్వేవాళ్ళు నయం కాలేదని చూపించి ఊరట కూడా భ్రమే అంటారు. ఇద్దరూ రెంటినీ ఒకే మూటలో కడుతున్నారు. నొప్పి తగ్గినట్టు అనిపించడం అంటే నొప్పి తగ్గడమే. నొప్పికి అనిపించడం తప్ప వేరే ఉనికి ఎక్కడుంది? కాబట్టి ఊరట అబద్ధం కాదు. కాని టెండన్ బాగుపడటం వేరే సంగతి, దానికి ఊరట సాక్ష్యం చెల్లదు. అసలు ప్రమాదమూ అక్కడే ఉంది. టేపు ఇచ్చిన ధైర్యంతో అడుగు మామూలుగా వేస్తే మేలు, అదే ధైర్యంతో రుషికొండ దాకా అని బయల్దేరి భీమిలి దాకా పోతే కీడు. పట్టీ రెండింటికీ ఒకేలా అనుమతిస్తుంది. దానికి దూరం తెలియదు. టేపుని కొనాలా వద్దా అని మా గుంపులో కొత్తగా చేరిన ఒకావిడ అడిగితే, కొనుక్కోండి, రబ్బరు పట్టీ కూడా కొనుక్కోండి, ఒకదాన్ని వాడినరోజు రెండోది తప్పనిసరి అనుకోండి అన్నాను. “అయితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుందండీ?” అందావిడ. పరిశోధకుడు అడగాల్సిన ప్రశ్న అది. పరుగెత్తేవాళ్ళకి దాని అవసరం అంతగా లేదేమో.

అయినా తెలుసుకునే దారి ఒకటి ఉంది, టెండన్ నొప్పులు చూసే ఫిజియోలందరూ చెప్పేదే. పరుగెత్తుతున్నప్పుడు నొప్పి ఎంతుందన్నది కాదు, మర్నాడు పొద్దున్న ఎలా ఉందన్నది చూసుకోమంటారు. టెండన్ తన అభిప్రాయాన్ని అప్పటికప్పుడు చెప్పదు, ఒక రాత్రి ఆలోచించుకుని చెబుతుంది. నిన్న ఎంత పరుగెత్తానో అంతకి ఇవాళ తొలి అడుగుల్లో సలుపు మామూలుగానే ఉంటే ఆ బరువు దానికి సమ్మతమే. పెరిగితే నిన్నటిది ఎక్కువైందని. అందుకని నేనొక ఏర్పాటు చేసుకున్నాను. ఈరోజు పరుగెత్తగలనా అన్నది టేపుని అడుగుతాను, ఆ మాట చెప్పడానికి దానికి అర్హత ఉంది. నిన్న అంత పరుగెత్తవచ్చా అన్నది మాత్రం టేపు తీసేసిన కాలుని, మంచం దిగి మొదటి అడుగు నేల మీద పెట్టే వేళ అడుగుతాను. రెండు జవాబులూ ఒకటి కానప్పుడు రెండోదాని మాటే వింటాను. వినాలనిపించదు, అది వేరే విషయం. సముద్రం మీద గాలి చల్లగా ఉండి, గుంపంతా ఫోన్లో పిలుస్తున్న ఆదివారాలు కూడా ఉంటాయి కదా. ఆ రోజుల్లో వాలు లేని చోట, కురచగా, కావాలంటే టేపుతోనే ఒక చుట్టు తిరిగి వచ్చేస్తాను. ఎక్కువ దూరం పోలేదేమని ఎవరైనా అడిగితే, పదిహేడేళ్ళ పిల్ల ఒప్పుకోలేదని చెబుతాను.